మాల తీసిన మర్నాడు

నిన్న సాయంత్రం పలాస స్టేషన్లో ఒక కొబ్బరి మొక్క రైలెక్కింది. మొలకెత్తిన కాయ ఇంకా దాని మొదట్లోనే ఉంది. దారిలో విరగకుండా ఆకులను పీచుతాడుతో పైకి జతచేసి కట్టారు. నిలబెడితే మనిషి భుజం దాకా వస్తుంది. దాని చుట్టూ నల్లబట్టలు, చెప్పులు లేని కాళ్ళు, తలల మీద ఇరుముళ్ళు, శరణుఘోష. అయ్యప్ప మాల వేసుకుని పద్దెనిమిదోసారి శబరిమల వెళ్ళేవారు ఒక కొబ్బరి మొక్కను వెంట తీసుకుపోయి అక్కడ నాటడం ఆనవాయితీ. ఉద్దానం మనుషులకు కొబ్బరి మొక్క కొత్త కాదు గనుక ప్లాట్‌ఫారం మీద ఎవరూ దాన్ని వింతగా చూడలేదు.

దాన్ని మొలిపించిన మనిషి మాత్రం ఆ గుంపులో లేడు. కిందటేడు ఆషాఢంలో పోయాడు.

అతని పేరు రాయను. మర్యాద ఒక కారణం. ఆ పేరుతో అతన్ని ఎవరూ పిలవకపోవడం రెండో కారణం. నేనెరిగిన తొలి రోజుల్లో అందరూ అతన్ని ‘ఒరే’ అనేవారు. చివరి రోజుల్లో అందరూ ‘స్వామీ’ అన్నారు. ఆ రెండు పిలుపుల మధ్య దూరాన్ని అతను నడిచిన తీరు నాకు కొంత తెలుసు. తెలిసినంతే రాస్తాను.

పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో యంత్రాల బాధ్యత నాది. అతను మా బాయిలర్ మనిషి. జీడిపిక్కలు ఆవిరిలో ఉడికిన తరువాతే ఆడవాళ్ళు వాటిని కోసి పప్పు తీయగలరు. ఆ ఆవిరిని పుట్టించే బాయిలర్‌కు జీడితొక్కే ఇంధనం. తెల్లవారుజామున అతను మంట వేస్తేనే మిగతా ఫ్యాక్టరీ కదులుతుంది.

కొలిమి తలుపు తెరిచే ముందు దాన్ని రెండు వేళ్ళతో తాకి, ఆ వేళ్ళు కళ్ళకు అద్దుకునేవాడు. వేడి చూడడానికా, దండం పెట్టడానికా అని అడిగితే “రెండుకీనూ” అనేవాడు. పీడనం ముల్లును చూసేటప్పుడు అతని నోరు కొద్దిగా తెరుచుకునేది. నవ్వు వస్తే ముందు భుజాలు కదిలేవి, శబ్దం తరువాత వచ్చేది. క్యారేజీ మూత తీయగానే తొలి ముద్ద గోడ మీద కాకికి పెట్టేవాడు. తాగి ఉన్న రోజున కూడా ఆ ముద్ద తప్పేది కాదు.

తాగి ఉన్న రోజులే ఎక్కువ. తాగేవాళ్ళు అబద్ధాలాడతారని నాకొక నమ్మకం ఉండేది. అతని విషయంలో అది నిలవలేదు. అడిగితే “తాగినాను బాబూ” అని వెంటనే చెప్పేవాడు. అయితే ఒట్లు పెట్టేవాడు. భార్య ముందు, ఆమె అన్నదమ్ముల ముందు, గుళ్ళో, తల్లి సమాధి దగ్గర కూడా ఒట్టు పెట్టాడట. ఇంట్లో ఉన్న ఒక్క ఇత్తడి బిందెనూ అమ్మి తాగిన రోజున భార్య నాలుగు చీరలు ఎర్రంచున్న నీలం గళ్ళ గుడ్డలో మూటగట్టుకుని పాసింజరు ఎక్కి, హరిశ్చంద్రపురం దగ్గరున్న కన్నవారింటికి వెళ్ళిపోయింది. పిల్లలు లేరు. పలాసను ఆనుకున్న కాశీబుగ్గలో, ఒక సందులోని రెండు గదుల ఇంట్లో అతనొక్కడే మిగిలాడు.

కానీ ఆమె ఏటా తిరిగి వచ్చేది. కార్తీకంలో అతను మాల వేసుకున్న రోజున అదే మూటతో రైలు దిగేది. దీక్షలో ఉన్నవారికి మడిగా వండిపెట్టే మనిషి కావాలి. అది ఒక కారణం. మాల మెడలో ఉన్నన్నాళ్ళూ అతను తాగడు. అది అసలు కారణం. ఆ నలభై ఒక్క రోజుల మండలం పొడవునా వారిద్దరూ ఒకే కప్పు కింద ఉండేవారు. అతను నేల మీద చాప పరుచుకునేవాడు. దీక్షానియమం ప్రకారం భార్యను ‘మాతా’ అని పిలిచేవాడు. ఆమె ‘స్వామీ’ అనేది. అతను శబరిమల నుంచి వచ్చి గుళ్ళో మాల తీయించుకునే రోజున ఆమె అన్నం వండి, మూత పెట్టి, తాళంచెవి పక్కింట్లో ఇచ్చి, మూట తీసుకుని స్టేషన్‌కు బయలుదేరేది. సందులో అందరికీ ఆ లెక్క తెలుసు.

“ఏటప్పా, సామి కొండ దిగినాడంట. నీ బండి ఎన్నిగంటలకి?” అని పక్కింటామె వేళాకోళమాడడం ఒకసారి నా చెవిన పడింది.

“సామి కొండెక్కినప్పుడే టికెట్టు తీసీసినాను” అంది ఆమె, నడక ఆపకుండా.

అందులో అన్యాయం లేదు. మాల తీసిన మర్నాడు మా ఊళ్ళో బ్రాందీ షాపు ముందు నిలబడితే ఆ సంగతి బోధపడేది. మండలమంతా చెప్పులు లేకుండా తిరిగిన కాళ్ళు ఆ రోజు కొత్త చెప్పులు తొడుక్కుని అక్కడికే చేరేవి. వాటిలో అతని కాళ్ళూ ఉండేవి.

ఒకరోజు అతను పనికి ఆలస్యంగా వచ్చాడు. రాత్రి తాగినది ఇంకా దిగలేదు. ఆలస్యం కప్పిపుచ్చుకోవడానికి చల్లగా ఉన్న బాయిలర్‌లోకి పారల కొద్దీ తొక్క విసిరి మంట ఎగదోస్తున్నాడు. నేను పార లాక్కున్నాను. చల్లటి బాయిలర్‌ను ఒక్కసారిగా మండిస్తే ఇనుము ఒకచోట ముందు సాగుతుంది, మరోచోట వెనక సాగుతుంది, అతుకులు వదులవుతాయి. ఈ మాటలే అతనికి చెప్పాను. ఆవిరి కావాలంటే కాసేపు చిన్నమంట, ఆగడం, మళ్ళీ ఇంకొంచెం మంట. అంతకు మించి దారి లేదన్నాను.

అతను గోడకు ఆనుకుని వింటూ ఉన్నాడు. “అదేటి బాబూ, ఇనుముక్కూడా అంత నిదానం కావాలేటి?”

“ఇనుముకే కావాలి” అన్నాను.

“మరైతే మనిసికో?”

తాగిన మనిషి మాట అనుకుని నేను పార తిరిగి అతని చేతికిచ్చాను.

ఆ ఏడు మాల తీసిన మర్నాడు, చీకటితోనే నేను ఫ్యాక్టరీకి వెళ్ళేసరికి అతను బోరు కుళాయి దగ్గర కూర్చుని నెత్తిన చన్నీళ్ళు గుమ్మరించుకుంటున్నాడు. పళ్ళు టకటకలాడుతున్నాయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“మాల తీసేశావు కదా?”

“తీసీసినాను బాబూ.”

“రాత్రి తాగావు కూడాను.”

“తాగినాను బాబూ.”

“మరి ఈ చన్నీళ్ళ స్నానం ఎవరికోసం?”

చెంబు కింద పెట్టాడు. “దీచ్చలో ఉన్నన్నాళ్ళూ అన్నీ పట్టుకుంతాను. మాల తీత్తే అన్నీ ఒక్కపాలే ఒగ్గీత్తాను. ఈయేడు ఒక్కటి మాత్రం ఒగ్గను. తానం. మిగతాయి ఇప్పుడు నా వల్ల కావు. మీరే అన్నారు కదేటి, కొంచెం మంట, ఆగడం, మళ్ళీ కొంచెం.”

పక్కనే ఉన్న హమాలీ ఒకడు పకపకా నవ్వాడు. “పొద్దున్న సన్నీళ్ళ సామి, రాత్రికి మందు సామి! నీ ఏసాలూ నువ్వూనూ!”

“ఉండరా, మొదటేడే కదా” అన్నాడు అతను. ముందు భుజాలు కదిలాయి, తరువాత నవ్వు వచ్చింది.

చన్నీళ్ళ స్నానం అతన్ని మార్చిందని నేను అనను. తెల్లవారకముందే లేవాలి గనుక రాత్రి బ్రాందీ షాపు దగ్గర కూర్చునే సమయం మాత్రం కొంత తగ్గింది. బాయిలర్ వేళకు వేడెక్కడం మొదలుపెట్టింది. యంత్రాల మనిషిగా నాకు కనబడిన తేడా అంతవరకే.

మరుసటి ఏడు అతను ఎంచుకున్నది తప్పుడు అలవాటు. మాల తీసినా చెప్పులు వేసుకోనన్నాడు. వట్టి కాళ్ళతో బాయిలర్ గదిలోకి వచ్చాడు. అక్కడ నేల మీద నిప్పు రాలుతుంది. జీడితొక్క నూనె ఒలికితే చర్మం బొబ్బలెక్కుతుంది. నేను గేటు బయటికి పంపేశాను. మొక్కు అంటాడు, నేను వీల్లేదంటాను. రెండు రోజులు ఆ పేచీ నడిచింది. చివరికి మాల వేసే గురుస్వామి దగ్గరికి వెళ్ళాం. ఆయన కాశీబుగ్గలో కిరాణా కొట్టు నడిపే పెద్దాయన. పప్పు తూస్తూనే అంతా విని, త్రాసు దించకుండా తీర్పు చెప్పారు.

“స్వామీ, అయ్యప్ప పులి మీద ఎక్కినాడు గాని పొయ్యి మీద ఎక్కలేదు. బూట్లు తొడుక్కో.”

బూట్లు తొడుక్కున్నాడు. కానీ ఆ ఏడు ఊరికే పోయిందని దిగులుపడ్డాడు. వారం తిరక్కుండానే దాని బదులు ఇంకొకటి పట్టుకున్నాడు. దీక్షలో ఎదుటివారిని, చిన్నా పెద్దా తేడా లేకుండా, స్వామీ అని పిలవాలి. దాన్నే ఉంచేసుకున్నాడు. అంతకుముందు అతని నోరు మంచిది కాదు. బూతు లేకుండా మాట పూర్తయ్యేది కాదు. ఇప్పుడు ప్రతి వాక్యం చివరా స్వామి వచ్చి కూర్చునేసరికి బూతుకు నిలవడానికి వీలు చిక్కలేదు. మనుషులతో ఆగలేదు. బాయిలర్‌ను “కాగు సామీ, కాగు” అని బతిమాలేవాడు. ఫ్యాక్టరీ చుట్టూ తిరిగే నల్లకుక్కనూ అలాగే పిలిచేవాడు.

“ఓ సామీ! మీ కుక్క సామి నా క్యారేజీ ఎత్తుకెలిపోనాడు, సూడవేటి!” అని పిక్కలు కోసే ఆడవాళ్ళు అరిచేవారు.

“ఒగ్గీమ్మా. ఆయనకీ బిచ్చ కావాల కదా” అని తన క్యారేజీ తీసుకెళ్ళి వాళ్ళ ముందు పెట్టేవాడు.

ఏడాదికి ఒకటి. ఆ పద్ధతి దాటలేదు. ఒక ఏడు సందేళ దీపం నిలబెట్టుకున్నాడు. ఇంకో ఏడు దీపం ముందు ఒక డబ్బా పెట్టాడు. మూతకు గాటు పెట్టించిన పాత బిస్కెట్ల డబ్బా అది. దీక్షలో ఉన్నప్పుడు మందుకు పోని డబ్బు రోజూ అందులో పడేది. మాల తీశాక కూడా దీపం పెట్టగానే ఏదో ఒకటి వేయాలని నియమం చేసుకున్నాడు. తాగబోయే రోజున ఒక నాణెమే పడేదట, అయినా పడేది. అంతకుముందు శబరిమల ఖర్చుకు ఏటా మా ఆఫీసులో అడ్వాన్సు తీసుకునేవాడు. ఒక కార్తీకంలో రాలేదు. గుమస్తా తనే పిలిచి అడిగాడు.

“ఏటి సామీ, ఈయేడు కొండకెల్లవేటి?”

“ఎల్తాను బాబూ. అప్పు మూట నెత్తినెట్టుకుని ఎల్తే ఇరుముడి ఎక్కడెట్టను?”

ఆ ఏడే ఒక ఇత్తడి బిందె కొన్నాడు. కొత్తది. ఎవరికీ చెప్పలేదు. గదిలో పాత బిందె ఉండే మూలనే దాన్ని ఉంచాడు. కార్తీకంలో మూటతో దిగిన ఆమె బిందెను చూసిందట.  చింతపండుతో తోమి, కడిగి, నీళ్ళు నింపిందట. మండలం పూర్తయ్యాక అన్నం వండి, మూత పెట్టి, ఎప్పటిలాగే వెళ్ళిపోయింది.

అది అతను నాకు చెప్పిన తీరు గుర్తుంది. నిరాశ ఉంటుందేమోనని మొహంలోకి చూశాను. “తోమినాది బాబూ” అన్నాడు. అంతే. పీడనం ముల్లు ఒక గీత కదిలినప్పుడు ఎలా అంటాడో, సరిగ్గా అలాగే.

నాకే ఓపిక ఉండేది కాదు. ఒకసారి అడిగేశాను. “ఇవన్నీ సరే. అసలు సంగతేమిటి? మందు ముందు మానేస్తే ఆమె ఎప్పుడో వచ్చి ఉండేది కదా.”

అతను కొలిమి తలుపును వేళ్ళతో తాకి కళ్ళకద్దుకున్నాడు. “దాని జోలికి నేరుగా ఎల్తే నన్ను పడగొట్టీద్ది బాబూ. ఎన్నిపాల్లు పడగొట్నాదో మీకు తెల్దు. సుట్టూ ఉన్నయి సర్దుకోనీండి.”

అది ఎప్పుడు వదిలిందో నేను గమనించలేదు. ఒక కార్తీకం వెళ్ళింది, మాల తీశారు, మర్నాడు బ్రాందీ షాపు ముందు కొత్త చెప్పుల మధ్య అతని కాళ్ళు కనబడలేదు. నేను అడగడానికి సంకోచించాను. శివరాత్రి దాటాక అతనే చెప్పాడు.

“ఎలిపోనాది బాబూ. నానేటీ సేయనేదు. పొద్దున్న తానం, పగలు పని, సందేళ దీపం, దీపం కాడ డబ్బా, చీకటితో మళ్ళీ లెగాల. మరి అది ఎప్పుడు తాగుతాను? సోటు నేక ఎలిపోనాది.”

“ఆమెకు చెప్పావా?”

“నేదు.”

“ఎందుకు?”

“సెప్తే ఒట్టెట్టినట్టుంతాది. నా ఒట్లు అది సానా సూసినాది.”

 ఆమె ఆ ఏడు కూడా మాల తీసిన రోజునే వెళ్ళిపోయింది. తను మానేసిన సంగతి ఆమెకు తెలియదు. తెలియకుండా ఎన్నేళ్ళు గడుస్తాయో అతనికి తెలియదు. అయినా ఆమె కన్నవారింటికి కబురు పంపలేదు.

ఆ వైశాఖంలో ఒక సాయంత్రం బాయిలర్‌కు నీళ్ళు తోడే పంపు మొరాయించింది. పిక్కలు రాసులుగా వచ్చిపడే రోజులు, ఆపితే నష్టం. అతని షిఫ్టు అయిపోయింది గనుక పిలుచుకురావడానికి నేనే కాశీబుగ్గ వెళ్ళాను. సందులో కరెంటు లేదు. అతని ఇంటి అరుగు మీద ఒక మనిషి కూర్చుని ఉంది. ఒళ్ళో మూట. దగ్గరికి వెళ్ళేదాకా పోల్చుకోలేకపోయాను. వెళ్ళిపోయినప్పటి నుంచి, మాల రోజుల్లో తప్ప ఆమెను ఆ ఊళ్ళో నేనెప్పుడూ చూడలేదు.

“దండాలు బాబూ” అని లేచింది. నేను అడగకుండానే చెప్పింది. “పూండిలో పెళ్ళికొచ్చినాను. బండి దాటిపోనాది.”

పూండిలో పెళ్ళి నిజమే కావచ్చు. కానీ పూండి నుంచి హరిశ్చంద్రపురం వెళ్ళవలసిన మనిషి పలాస రావడమంటే ఎదురు దిక్కుకు రావడం. పైగా హరిశ్చంద్రపురం వైపు, దిగువకు వెళ్ళే పాసింజరు ఇంకా పలాస స్టేషన్లోనే నిలబడి ఉంది. వస్తూ దాన్ని చూశాను. 

తలుపు తెరిచే ఉంది. లోపల అతను పటం ముందు కూర్చుని వత్తి సరిచేస్తున్నాడు. స్నానం చేసి ఉన్నాడు. మా మాటలు వినబడే ఉంటాయి, తిరిగి చూడలేదు. అగ్గిపుల్ల గీసి దీపం వెలిగించాడు. డబ్బాలో ఏదో వేశాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆమె గడప మీద నిలబడి ఆ వరసంతా చూసింది. మాల లేని మెడను చూసింది. అతను కళ్ళు తెరిచేవరకు ఆగి, మూట గడప దగ్గర వదిలి, వెళ్ళి దీపానికి అవతల అతని ఎదురుగా కూర్చుంది.

“ఏదీ, ఊదు” అంది.

“ఏటి?”

“ఊదమంతన్నాను.”

అతను ముందుకు వంగి ఊదాడు. దమ్ము బిగబట్టి, నిజాయితీగా, గట్టిగా ఊదాడు. ఇద్దరి మధ్యా ఉన్న దీపం ఆరిపోయింది.

గది చీకటైంది. “అయ్యో సామీ” అన్న అతని గొంతులో భయం వినబడింది. ఇన్నేళ్ళలో సందేళ దీపాన్ని తన నోటితో తనే ఆర్పడం అదే మొదలు.  అగ్గిపెట్టె కోసం తడిమిన చప్పుడు, గాజుల చప్పుడు. పుల్ల గీసింది ఆమె. ఆ వెలుతురులో అతను రెండు చేతులూ జోడించి, చేయరాని పని చేసినవాడిలా కూర్చుని ఉన్నాడు. ఆమె వత్తి వెలిగించింది. పుల్ల ఆర్పింది. లేచింది.

“బియ్యం ఎక్కడెట్టినావు?” అని అడిగింది.

నేను పంపు మాట ఎత్తకుండా వెనక్కి వచ్చేశాను. రైల్వే గేటు దగ్గర నిలబడిపోవలసి వచ్చింది. దిగువకు వెళ్ళే పాసింజరు పలాస వదిలి నా ముందు నుంచే పోయింది.

ఆమె ఉండిపోయింది. అయితే మూట విప్పలేదు. అది అటక మీదికి ఎక్కింది, కట్టిన ముడి కట్టినట్టే. కావలసిన చీర బయటికి తీసి, ఉతికిన చీర లోపల పెట్టి, మళ్ళీ ముడి వేసేదట. ఏళ్ళు గడిచాయి. అతను ఏటా మాల వేసుకుంటూనే ఉన్నాడు. ఏటా ఇంకొకటి నిలబెట్టుకుంటూనే ఉన్నాడు. మాల తీసిన రోజున ఆమె స్టేషన్‌కు వెళ్ళడం మానేసింది. మూట మాత్రం అటక మీదే ఉంది.

“దింపమని అడగకపోయావా?” అన్నాను ఒకసారి.

“అది దాని మాల బాబూ. నా మాల తియ్యమని అదెప్పుడన్నా అడిగినాదేటి?”

తరువాత మా ప్రాంతంలో ఎందరినో పట్టుకున్న కిడ్నీ జబ్బే అతన్నీ పట్టుకుంది. వారానికి రెండుసార్లు డయాలిసిస్. నీళ్ళు కొలిచి తాగాలన్నారు. మంచం మీద కూర్చుని చిన్న గ్లాసు చూపించి నవ్వాడు, భుజాలు ముందు కదిలే ఆ నవ్వే. “అయ్యప్ప సామి తెలివైనోడు బాబూ. గొంతు తడుపుకుని వూరుకోడం ముందే నేర్పీసినాడు.” ఆ స్థితిలోనే పదిహేడోసారి కొండకు వెళ్ళివచ్చాడు. వచ్చాక, వజ్రపుకొత్తూరు వైపు వాళ్ళ అక్క తోట నుంచి ఒక ముదురు కాయ తెప్పించాడు. పెద్ద తుఫానుకు తోటంతా నేలకూలినా నిలబడిపోయిన చెట్టు కాయ అది. పెరట్లో ఇసుకలో పాతి, తను తాగని నీళ్ళు దానికి పోసేవాడు. మోసు వచ్చిన రోజున నాకు కబురుపెట్టి మరీ చూపించాడు. మోసు తెల్లగా, ఏనుగు దంతం కొసలా ఉంది. పద్దెనిమిదోసారికి అది సిద్ధమవుతుందని అతని అంచనా. అంచనా సరైనదే. మొక్క సిద్ధమైంది.

ఏడాది మైల దాటే దాకా ఆ ఇంట్లో ఎవరూ మాల వేసుకోకూడదు. మొక్క ఒక కుండలో ఆగి ఉంది. యాభై దాటిన ఆడవాళ్ళు మాల వేసుకోవచ్చు. ఈ కార్తీకంలో ఆమె వేసుకుంది. తొలిసారి వెళ్ళే కన్నిస్వామి పద్దెనిమిదో ఏటి మొక్కను మోయవచ్చా అని ఎవరో అడిగితే, గురుస్వామి ఈసారి కూడా త్రాసు దించకుండానే చెప్పారట: “మొక్క ఆయనది స్వామీ. ఆమె మోత్తాది, అంతే.”

నిన్న సాయంత్రం నేను స్టేషన్‌కు వెళ్ళింది ఆమెను సాగనంపడానికి. నల్లచీర, నుదుట విభూతి, నెత్తిన ఇరుముడి. “స్వామి శరణం” అన్నాను. “సామి శరణం బాబూ” అంది. రైలు ఆగేది కొద్దిసేపే గనుక మొక్కను నేను అందుకుని పైకెత్తాను. వేళ్ళ చుట్టూ మట్టి, మట్టి చుట్టూ తడిపిన గుడ్డ. ఎర్రంచు వెలిసిపోయిన నీలం గళ్ళ గుడ్డ. ఒక మూల అతుకు. దాన్ని నేను ఎక్కడ చూశానో తెలుసుకోవడానికి క్షణం పట్టలేదు.

“ఇది మూటగుడ్డ కదా?”

“అదే బాబూ” అంది. “ఆయనున్నప్పుడే ఇప్పీసినాను. సీరలన్నీ దండెం మీద ఆరేసీసినాను. మంచం మీంచి సూసినాడు.”

“ఏమన్నాడు?”

“ఏటీ అన్నేదు. ఆ సందేళ దీపంలో ఇంకో వత్తేసినాడు.”

గుంపు శరణుఘోష అందుకుంది. ఎవరో ఆమె చేయి పట్టి పెట్టెలోకి ఎక్కించారు. కిటికీ దగ్గరికి వచ్చి కూర్చుని, మొక్కను మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుంది. ఆకుల కట్ట పై బెర్తును తాకుతోంది.

“తిరిగొచ్చి మాల తీశాక?” అని అడిగాను. ఆమెకు ఆ ప్రశ్న అర్థమవుతుందని నాకు తెలుసు.

“మాల తీసిన మర్నాడు ఏటి సేత్తానంతారు బాబూ? ఆయన మొదలెట్టిన కాడే మొదలెడతాను. సీకటితో లెగిసి సన్నీళ్ళు పోసుకుంతాను. సలికి సచ్చిపోతానేమో గాని” అని నవ్వింది.

రైలు కదిలింది. అది హరిశ్చంద్రపురం మీదుగానే వెళుతుంది. అక్కడ ఆగదు.